గోడకు అస్తరు

నా పని గోడల వాసన చూడటం. నీళ్ళు కారి పాడైన షాపులు, ఆఫీసులు, గోదాములు తిరిగి, బూజు ఎక్కడ పట్టింది, ఎంత పట్టింది, ఆ గదుల్లో మనుషులు కూర్చోవచ్చా కూడదా అని రాసిస్తాను. అందరూ నన్ను బూజు మేడం అంటారు. మొదట్లో చిన్నబుచ్చుకునేదాన్ని. ఇప్పుడు ఫోనులో నేనే ఆ పేరు చెప్పుకుంటున్నాను. మా ఆయన మాత్రం మా ఇంటి సీలింగు మూలన వేలాడే సాలెగూడు చూపించి, "ఈ బూజుని పరీక్షకి ఎప్పుడు పంపిస్తావు?" అంటాడు. ఏళ్ళ తరబడి ఒకటే జోకు. వాదించే ఓపిక లేక నవ్వేస్తాను.

ఆ మూడంతస్తుల బిల్డింగు నుంచి ఫోను వచ్చేనాటికి ఆ కాస్త ఓపిక కూడా అడుగంటింది. వరసగా నీళ్ళలో నానిన బిల్డింగులే తగిలాయి. తిరిగి తిరిగి ఒళ్ళు హూనమైంది. "లిఫ్టు ఉందా?" అన్నదే నా మొదటి ప్రశ్న. "ఉందండీ, దాంట్లోకీ నీళ్ళు దిగాయి," అన్నాడు ఓనరు, తప్పంతా లిఫ్టుదే అయినట్టు.

జరిగింది ఇది. పై అంతస్తులో ఒక ఆఫీసుంది. వాళ్ళు తాళం వేసుకుని సెలవులకు వెళ్ళినప్పుడు సింకు కింద పైపు ఊడింది. కారిన నీళ్ళు మధ్య అంతస్తులో బట్టలు కుట్టే షాపులోకి, అక్కడి నుంచి కింద చెప్పుల షాపులోకి దిగాయి. ఓనరు నీళ్ళు ఎత్తిపోయించి, గోడలకు రంగు కొట్టించి, చేతులు దులుపుకున్నాడు. కొన్నాళ్ళకు చెప్పుల షాపతని సరుకంతా తెల్లగా బూజు పట్టింది. అతను షట్టరు దించేసి, బిల్డింగులో బూజు లేదని తెలిసినవాళ్ళెవరైనా రాసిస్తే తప్ప తెరిచేది లేదని మొండికేశాడు. అప్పుడు ఓనరుకి నేను గుర్తొచ్చాను.

"ఒక్క కాగితం ముక్క చాలు మేడం. మీరొచ్చి ఆ మిషనేదో పెట్టేసి, బాగుందని రాసిచ్చేస్తే అయిపోతుంది," అన్నాడు.

నేను అందరికీ చెప్పేదే అతనికీ చెప్పాను. నేను రావడానికి ముందు ఒక రోజంతా తలుపులూ కిటికీలూ మూసి ఉంచాలి. ఫ్యాన్లు తిప్పకూడదు. ఊడవకూడదు, తుడవకూడదు, కడగకూడదు. ఎలా ఉన్న గదిని అలా వదిలేయాలి. రెండోసారి కూడా చెప్పాను. సరే సరే అన్నాడు. ఆ సరేలో పస లేదని అప్పుడే అనుమానం వచ్చింది.

ఎందుకంటే, ఎవరో చూడటానికి వస్తున్నారంటే చీపురు పట్టకుండా ఉండటం మనవాళ్ళకు చేతకాదు. బతిమాలి చూశాను, కసిరి చూశాను. "ఏమీ చేయకండి" అని చెప్పి వెళ్ళిన చోటల్లా గోడలు కడిగి, అగరొత్తులు వెలిగించి, నా కోసం గుమ్మంలో నిలబడి ఉంటారు. మాత్ర వేసుకున్నాక జ్వరం చూస్తే ఏం తెలుస్తుంది? తడి ఆరని గోడ ముందు నేను తల పట్టుకుంటే, ఇంకా ఎక్కడో మరక మిగిలిపోయిందేమోనని వాళ్ళు కంగారుపడతారు.

అనుకున్నంతా అయింది. నీళ్ళు ముందు పడిన చోటి నుంచే మొదలుపెడదామని, ఆయాసపడుతూ మెట్లెక్కి మధ్య అంతస్తు చేరేసరికి ఫినాయిలు వాసన గుమ్మం దాకా ఎదురొచ్చింది. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. నేలలో నా మొహం నాకే కనబడింది, అలిసిపోయి, జుట్టు రేగిపోయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ షాపు ఇద్దరు అక్కచెల్లెళ్ళది. అక్కకు యాభై దగ్గర పడుతున్నాయి. మనిషి పొడుగు, మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. కత్తిరింపూ మిషనూ ఆమె పని. చెల్లెలు పదిహేనేళ్ళు చిన్నది. కాజాలూ, హెమ్మింగూ, చేత్తో కుట్టాల్సినవన్నీ ఆమె కుడుతుంది. అక్క ఆమెను చిట్టి అని పిలుస్తుంటే నేనూ చిట్టి అనే అనేశాను. చిట్టి నేల మీద చాప వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, వొళ్ళో చొక్కా పెట్టుకుని కాజా కుడుతోంది. ఆ గోడకు నడుం ఎత్తు దాటి నీలం రంగు గుడ్డ అతికించి ఉంది. లోపల దూది పెట్టి, అడ్డగీతలతో మెత్తగా కుట్టిన గుడ్డ. అంచుల పట్టీ ఎంత చక్కగా కుదిరిందంటే, అంత కోపంలోనూ ఒకసారి ఆగి చూశాను.

"రండి మేడం. మీరొస్తున్నారని పొద్దున్నుంచీ ఇదే పని," అంది పెద్దామె.

"కిటికీలు మూసి ఉంచమని చెప్పాను కదమ్మా."

"ఓనరుగారు చెప్పారండీ. కానీ ఇంత కంపులో మిమ్మల్ని ఎలా కూర్చోబెడతాం? బాగుండదు కదా."

"ఆ కంపు కోసమే వచ్చానమ్మా నేను."

నా వెనకే వచ్చిన ఓనరు నవ్వాడు. "పోనీలెండి మేడం, ఇప్పుడే చేసేయండి. గాలి బ్రహ్మాండంగా ఉంది కదా, రిపోర్టు కూడా బాగా వస్తుంది."

"బాగా వస్తుందనే చెయ్యను," అన్నాను.

అప్పుడు చిట్టికి దగ్గొచ్చింది. గొంతులో ఏదో అడ్డం పడితే వచ్చే దగ్గు కాదది. లోపలి నుంచి తోడుకుని వచ్చేది, పొడిగా, ఆగకుండా. పెద్దామె కత్తెర కింద పెట్టి వెళ్ళి, పక్కన కూర్చుని చెల్లెలి వీపు నిమిరింది. ఆ చెయ్యికి అది బాగా అలవాటైన పనిలా ఉంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. "ఏదో పడిసెంలెండి, మందులు వాడుతోంది," అంది పెద్దామె, నా వైపు చూడకుండా. రెండ్రోజుల్లో మళ్ళీ వస్తాననీ, ఈసారి చీపురు కనబడితే మెట్ల మీంచే వెనక్కి పోతాననీ చెప్పి, సంచీ తెరవకుండానే దిగిపోయాను.

రెండోసారి వెళ్ళేసరికి తలుపులు మూసే ఉన్నాయి. లోపలికి అడుగు పెట్టగానే వచ్చింది అసలు వాసన. తడిసిన గోనెసంచులను గదిలో పెట్టి మరచిపోతే వచ్చే వాసన. నా ముక్కుకు అది పాత చుట్టం. పెద్దామె మిషను దగ్గర ఊరికే కూర్చుని ఉంది. చిట్టి మాత్రం అదే చాప మీద, అదే గోడకు ఆనుకుని, ట్యూబులైటు వెలుతురులో కాజా కుడుతోంది.

స్టాండు మీద గాలి పీల్చే పంపు బిగించాను. అది కాసేపు గదిలో గాలి లాగి, చిన్న ప్లాస్టిక్ డబ్బీలో ఉన్న జిగురు పొర మీద పడేస్తుంది. ఆ పొర మీద ఏమేం చిక్కాయో తర్వాత ల్యాబులో లెక్క చూస్తారు. బయట గాలి కూడా ఇంకో డబ్బీలోకి పట్టాలి. బయట ఉన్నదానికంటే లోపల ఎక్కువుంటే, అది ఈ గదిలోనే పుడుతోందన్నమాట. ఆ పని ముగించి తేమ మీటరు తీశాను. దానికి ముందు రెండు సూదులుంటాయి. గోడకు గుచ్చితే ఎంత తడి ఉందో చెబుతుంది, మరీ తడిగా ఉంటే కూస్తుంది. కిటికీ గోడ బాగుంది. తలుపు గోడ బాగుంది. ఇక మిగిలింది చిట్టి వెనకున్న గోడ.

"కాస్త లేస్తావా అమ్మా?"

"దాన్ని లేపకండి మేడం, దానికి నడుం నొప్పి," అంది పెద్దామె, చిట్టి కదిలేలోపే.

"పర్లేదక్కా, లేస్తాను."

"అయితే కిందకెళ్ళి మేడంకి టీ పట్రా. మెల్లగా వెళ్ళు."

చిట్టి అలా లేచిందో లేదో, పెద్దామె ఇలా వచ్చి ఆ చోట నిలబడింది. పైట సర్దుకుంది. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆమె మొహం. నేను మీటరు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. మెట్ల మీద చిట్టి దగ్గు దిగిపోతూ వినిపించింది. ఇద్దరిలో ఎవరో ఒకరు కదలాలి. నాకు అంతసేపు నిలబడే శక్తి లేదు కాబట్టి, పక్కకు జరగమని నేనే అడిగాను.

జరిగింది. నీలం గుడ్డ మీద, మనిషి వీపు ఆనేంత మేర, బూడిద రంగు మరక ఉంది. సూదులు గుచ్చగానే మీటరు కూసింది. అంచు దగ్గర పట్టీ వేలితో పట్టుకుని కొంచెం ఎత్తబోయాను. పెద్దామె చెయ్యి వచ్చి నా చెయ్యి మీద పడింది.

"విప్పకండి మేడం. నేనే చెబుతాను."

చెప్పింది. నీళ్ళు దిగిన నెలకే ఆ గోడకు నల్లటి చుక్కలు లేచాయి. ఓనరు కొట్టించిన రంగులోంచి కూడా తోసుకుని వచ్చాయి. ఆమె గుడ్డతో తుడిచింది, బ్లీచింగు పెట్టి రుద్దింది, మళ్ళీ వచ్చాయి. ఓనరుకు చెప్పలేదు. ఎందుకంటే అంతకుముందు ఇదే అంతస్తులో పక్క గదిలో జిరాక్సు షాపతన్ని రిపేరుకని నెల రోజులు ఖాళీ చేయించారు. నెల తర్వాత వచ్చి చూస్తే అతని గదిలో వేరేవాళ్ళు ఉన్నారు. అతనిప్పుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు. "మాకు తెలిసినవాళ్ళంతా ఈ వీధిలోనే మేడం. ఈ గది పోతే మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టే వయసు కాదు నాది," అంది.

అందుకని ఆమె తనకు తెలిసిన పని చేసింది. కోటు లోపల కుట్లూ ముడులూ కనబడకుండా అస్తరు వేస్తారు కదా, గోడకూ అలాగే వేసింది. నూలుగుడ్డ తీసుకుంది, మధ్యలో దూది పరిచింది, ఆదివారాలు కూర్చుని కుట్టింది. మేకులు కొట్టడానికి ఓనరు ఒప్పుకోడని, మైదాపిండి చిక్కగా ఉడికించి ఆ జిగురుతో గోడకు అతికించింది. కాలర్లకూ బెల్టులకూ వాళ్ళు వాడే జిగురే. ఎంత గట్టిగా పట్టిందో చెబుతున్నప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా వినబడింది. చిట్టికి ఈ సంగతేమీ తెలియదట. నడుం నొప్పికి మెత్తగా ఉంటుందని కుట్టానని చెప్పిందట.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఇన్నేళ్ళలో బూజును దాచినవాళ్ళను చాలామందిని చూశాను. రంగు కొట్టినవాళ్ళు, బీరువా అడ్డం పెట్టినవాళ్ళు, క్యాలెండరు తగిలించినవాళ్ళు. దానికి కావలసినవన్నీ ఇంత శ్రద్ధగా అమర్చిపెట్టినవాళ్ళను మాత్రం చూడలేదు.

"మైదా దానికి తిండమ్మా," అన్నాను. "నూలుగుడ్డా తిండే. దూది తడిని పట్టి ఉంచుతుంది. పైగా వెలుతురు లేదు, గాలి లేదు. పిలిచి పీట వేసి భోజనం పెట్టారు మీరు."

అన్నాక నాలుక కరుచుకున్నాను. అలిసిపోయినప్పుడు నా నోటికి అడ్డూ అదుపూ ఉండవు. పెద్దామె మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది. "దాని దగ్గు కూడా అస్తరు వేశాకే ఎక్కువైంది," అంది. నేను డాక్టర్ని కాదన్నాను. అది నిజమే. కానీ ఆ మాట అంటున్నప్పుడు నాకు సిగ్గేసింది. దగ్గు గురించి మేమిద్దరం ఒకటే అనుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు.

ఉన్నట్టుండి ఆమె గోడ వైపు తిరిగి పట్టీ అంచు దొరకబుచ్చుకుంది, ఒక్క గుంజుతో పీకేయడానికి. నేను లేచి రెండు చేతులూ పట్టుకున్నాను. "ఇప్పుడు పీకితే వెనకున్నదంతా గదిలోకి రేగుతుంది. ఆ బట్టల మీద, మీ మీద, ఆ అమ్మాయి మీద. ముందు ప్లాస్టిక్ పట్టాతో గోడంతా మూసి, మాస్కులు కట్టుకున్న పనివాళ్ళు మెల్లగా తీయాలి. వెనక పూతంతా చెక్కేయాలి. అప్పటిదాకా ఈ గదిలో ఎవరూ ఉండకూడదు."

"అంటే ఖాళీ చేయాలి."

"చేయాలి."

ఆమె నా పక్కన నేల మీద కూలబడింది. "మేడం, పైనుంచి నీళ్ళు పడ్డాయని రాయండి. గోడ తడిసిందని రాయండి. జిగురు సంగతి, గుడ్డ సంగతి రాయకండి. అది తెలిస్తే బూజు మేమే పెంచామంటాడు. రిపేరు పేరు చెప్పి కాదు, తప్పు మాదేనని చెప్పి గెంటేస్తాడు. మీకు దణ్ణం పెడతాను."

అస్తరు పైన, సీలింగు దాకా మీటరు గుచ్చి చూశాను. అక్కడా తడే. నీళ్ళు పడి ఇన్ని నెలలైనా గోడ ఆరలేదంటే పైన ఎక్కడో ఇంకా కారుతోంది. అది ఓనరు చూసుకోవాల్సిన పైపు. ఆ సంగతి రాస్తానని ఆమెతో అన్నాను. కానీ జిగురు గురించి రాయకపోతే, వచ్చే పనివాళ్ళు దీన్ని మామూలు గుడ్డ అనుకుని చేతులతో చింపేస్తారు. చిట్టిని చూసే డాక్టరుకు ఆమె ఇన్నాళ్ళూ దేనికి ఆనుకుని కూర్చుందో తెలియదు. పడిసెం మందులే ఇస్తూ ఉంటాడు. ఇవన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే విసుగొచ్చింది. ఒక ఆడమనిషి నేల మీద కూర్చుని దణ్ణం పెడుతుంటే, పైనుంచి న్యాయాలు చెప్పడం ఏం బతుకు అనిపించింది. ఒప్పుకుంటే పోయేదేముంది అని కూడా అనిపించింది. ఒప్పుకోలేదు. కాదనీ గట్టిగా అనలేదు.

అంతలో ఓనరూ చిట్టీ కలిసే పైకి వచ్చారు. చిట్టి చేతిలో టీ ఫ్లాస్కు ఉంది. ఒక్క అంతస్తు ఎక్కినందుకే తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఏం మేడం, పాసేనా?" అన్నాడు ఓనరు.

నేను నోరు తెరవబోయాను. అంతకంటే ముందు చిట్టికి దగ్గొచ్చింది. ఈసారి ఆగలేదు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి దగ్గింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పెద్దామె చెల్లెలి వైపు చూస్తూ లేచింది. నేను మాట్లాడకపోతే ఆ రోజుకు ఆ గది ఆమెదే. ఆమె మాట్లాడకపోతే నేను ఎంత రాసేదాన్నో, నిజంగా నాకు ఇప్పటికీ తెలియదు.

"ఆ గోడంతా బూజే అండీ," అంది ఓనరుతో. "ఎప్పట్నుంచో ఉంది. నేనే గుడ్డ వేసి కప్పెట్టాను. మైదా జిగురుతో అతికించాను. మేడం, అంతా రాయండి. డాక్టరుకి చూపించడానికి నాకూ ఒక కాపీ ఇవ్వండి."

ఓనరు గోడ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "నాకెందుకు చెప్పలేదు? నా బిల్డింగంతా పాడు చేశారు కదా," అని మొదలుపెట్టాడు. పై పైపు ఇంకా కారుతోందని నేను మధ్యలో అందుకున్నాను. గోడ సీలింగు దాకా తడిగా ఉందనీ, అది ఏ గుడ్డా చేసిన పని కాదనీ, అదీ రాస్తాననీ చెప్పాను. అతని గొంతు తగ్గింది. "సరే, ముందు ఖాళీ చేయండి. రిపేరయ్యాక చూద్దాం," అన్నాడు. ఆ చూద్దాంకు అర్థం గదిలో అందరికీ తెలుసు. పెద్దామె తలూపింది. అతను ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుకుంటూ కిందకు దిగిపోయాడు.

చిట్టి దగ్గు నెమ్మదించింది. మరక వైపు చూస్తూ నిలబడింది. అక్క మీద కోప్పడుతుందనీ, ఏడుస్తుందనీ, వాటి మధ్య నేను ఇరుక్కుంటాననీ భయపడి సామాను సర్దుకోవడం మొదలుపెట్టాను. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"మొన్న ఊపిరాడట్లేదక్కా, కిటికీ దగ్గర కూర్చుంటానన్నాను కదా. ఎందుకు వద్దన్నావు?"

పెద్దామె జవాబు చెప్పకుండా ఉండవచ్చు. అక్కడ వెలుతురు కళ్ళలో పడుతుందనో, దుమ్ము వస్తుందనో అనవచ్చు. నాకు తెలిసినవాళ్ళు చాలామంది అలాగే అంటారు.

"నువ్వు లేస్తే మరక కనబడుతుందని," అంది.

నా చేతిలో స్టాండు అలాగే ఉండిపోయింది. కింద ఓనరు ఫోనులో మాట్లాడటం వినబడుతోంది. చిట్టి ఏదో అనబోయింది, మళ్ళీ దగ్గొచ్చింది. పెద్దామె అలవాటు కొద్దీ రెండడుగులు వేసి, వీపు నిమరడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఆ వీపు దాకా వెళ్ళలేదు. జాకెట్టు వెనక బూడిద రంగు అంటుకుని ఉంది. ఆమె దాన్నే చూస్తూ ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

చిట్టి వంగి దగ్గుతూనే, తల తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపి అక్క మణికట్టు వెతికి పట్టుకుంది. ఆ చెయ్యిని లాక్కుని తన వీపు మీద తనే పెట్టుకుంది.

"నిమురక్కా," అంది.